పొగడ్త వద్దు, పెన్ను పట్టుకోండి

టైప్ 1 డయాబెటిస్, అంటే రోజూ ఇన్సులిన్ సూది వేస్తేనే బతికే షుగర్ జబ్బు, ఉన్న పసిపిల్లల తల్లులని పొగడటం అందరూ మానేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. చాన్నాళ్లుగా లోపల ఉన్న మాటే ఇది. రాయాలనిపించింది మాత్రం మొన్న చీపురుపల్లి దగ్గర ఒక పెళ్లికి వెళ్లొచ్చాక. భోజనాల వేళకి మావాడికి సూది వెయ్యాలి. విడిది గదిలో ఓ మూల చోటు చూసుకుని, వాడి తొడ మీద ఇన్సులిన్ పెన్ను పెట్టి, పది లెక్కపెట్టి తీసేలోగా చుట్టూ నలుగురు ఆడవాళ్లు చేరారు. వరసకి పెద్దమ్మ అయ్యే ఒకావిడ కళ్లొత్తుకుంటూ, "ఓలమ్మ, ఉద్యోగం మానేసి, నిద్ర మానేసి సేసుకుంటన్నాది. తల్లంటే ఈ పిల్లేనమ్మా, దేవత" అన్నారు. మిగతావాళ్లు తలలూపారు. నేను హుషారుగా, "చాలా సులువు పెద్దమ్మా, ఇదిగో ఇక్కడ అంకె కనిపిస్తుంది, దీన్ని ఇలా తిప్పితే..." అని చూపించబోయాను. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు. "బాబోయ్, నావల్ల కాదు తల్లీ. అది కన్నతల్లి సేతికే సెల్లుద్ది."

ఆవిడ మంచి మనిషి. మావాడి కోసం పప్పూ కూరా వేడివేడిగా విడిగా తీయించి ఉంచినదీ ఆవిడే. అందుకే ఆ మాట గురించి ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తూ ఉండిపోయాను. నన్ను దేవతని చెయ్యడమూ, చేతులు వెనక్కి పెట్టుకోవడమూ ఒక్క ఊపిరిలోనే జరిగిపోయాయి. తల్లికి ఏదో ప్రత్యేకమైన శక్తి ఉందని ఒప్పుకుంటే, ఆ శక్తి లేని మిగతావాళ్లందరికీ సెలవు దొరికినట్టే కదా. మా ఇంట్లో చాలాకాలం జరిగింది ఇదే. మాలాంటి ఇళ్లలో ఇప్పటికీ జరుగుతోంది. దీనివల్ల తల్లి అలిసిపోతుందన్నది తర్వాతి సంగతి, ముందు పిల్లాడికే ప్రమాదం. ఇంట్లో కనీసం ఇద్దరికి, వీలైతే ముగ్గురికి, సూది వెయ్యడమూ రావాలి, షుగర్ చూసే మీటర్లో అంకె చూసి ఏం చెయ్యాలో తేల్చుకోవడమూ రావాలి.

చెప్పినంత తేలిక కాదని తెలుసు. మా అత్తయ్య వేసిన ఒక ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సగం జవాబే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ఆ అరగంట

ఈ పని నా ఒక్కదాని చేతికి ఎలా వచ్చిందా అని చూస్తే, ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. వాడికి అప్పటికి రెండేళ్లు నిండలేదు. నీళ్లు తెగ తాగడం, డైపరు బరువెక్కి జారిపోవడం, తింటూనే చిక్కిపోవడం. ఊళ్లో చూపిస్తే ముందు జ్వరానికన్నారు, తర్వాత ఆయాసానికన్నారు. ఊపిరి ఎగపీలుస్తున్నాడని విశాఖపట్నం తీసుకెళ్లేసరికి రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయి ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది.

గండం గడిచి డిశ్చార్జి చేసే రోజున ఒక నర్సమ్మ వచ్చి ఇన్సులిన్ ఎలా వెయ్యాలో, షుగర్ పడిపోతే ఏం చెయ్యాలో నేర్పింది. ఆ అరగంటా గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. మా ఆయన బిల్లు కౌంటరు దగ్గర లైన్లో ఉన్నారు. మామయ్య మందుల షాపులో ఉన్నారు. అత్తయ్య పిల్లాణ్ని ఎత్తుకుని వరండాలో తిప్పుతున్నారు. ఎవరి పని వాళ్లు చేస్తున్నారు, ఒకర్ని అనడానికి లేదు. కానీ గదిలో ఉన్నవాళ్లకే విద్య వచ్చింది, విద్య వచ్చినవాళ్ల మీదే పని పడింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరిని ఏమడిగినా "తనకైతే బాగా తెలుసు" అనే జవాబు. నాకు బాగా తెలియడానికి కారణం కన్నపేగు కాదండీ. ఆ టైములో బిల్లు కౌంటరు దగ్గర నేను లేకపోవడం.

1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో చాలామంది నెలల్లోనో, ఏడాది రెండేళ్లలోనో పోయేవారు. మందు దొరికాక కొత్త చిక్కొచ్చింది. రోజూ ఇన్నేసి సార్లు, బతికినంతకాలం, ఎవరు వేస్తారు? ఆసుపత్రి వల్ల అయ్యే పని కాదు. బోస్టన్‌లో ఎలియట్ జోస్లిన్ అనే డాక్టరు, నేర్పడం కూడా వైద్యంలో భాగమేనని పట్టుబట్టాడు. నర్సులకి శిక్షణ ఇచ్చి రోగుల ఇళ్లకే పంపేవాడట. ఇది చదివినప్పుడు నాకు అసూయ కలిగింది. ఇంటికొచ్చి నేర్పే మనిషైతే ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చూస్తుంది. పొయ్యి దగ్గర ఉండేదెవరు, రాత్రి పిల్లాడు ఎవరి పక్కలో పడుకుంటాడు, తండ్రి ఏ వేళకి ఇల్లు చేరతాడు, అన్నీ కనిపిస్తాయి. డిశ్చార్జి కాగితాల హడావిడిలో నేర్పితే ఎదురుగా ఉన్న తల్లి ఒక్కతే కనిపిస్తుంది.

ఇంటి నుంచి ఇద్దరు వచ్చి, ఇద్దరూ చేసి చూపిస్తే తప్ప పిల్లాణ్ని పంపం అని ఆసుపత్రులు ఒక నియమం పెట్టుకోవచ్చు. బిల్లు కట్టందే పంపం అనే నియమం ఎలాగూ ఉంది.

నిందా పొగడ్తా ఒకే ఖాతాలో

నేనొక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఉద్యోగం వదులుకున్నానని అందరూ గొప్పగా చెప్తారు గానీ, నేనేమీ వదులుకుందామని కూర్చోలేదు. సెలవు పెట్టాను, దాన్ని పొడిగించాను, మధ్యాహ్నం సూది వేసే మనిషి ఇంట్లో లేక చివరికి రాజీనామా ఇచ్చాను.

ఇప్పుడు పొగిడే నోళ్లే మొదట్లో "కడుపుతో ఉన్నప్పుడు తీపి బాగా తిన్నావేటి?" అని అడిగాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థే దారి తప్పి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలని నాశనం చెయ్యడం వల్ల వచ్చే జబ్బు ఇది, నేను తిన్న సున్నుండలకీ దీనికీ ఏ సంబంధమూ లేదని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఇప్పుడెవరూ అలా అడగరు. అయినా నిందించినప్పుడూ, నెత్తిన పెట్టుకున్నప్పుడూ జబ్బుని రాసింది తల్లి ఖాతాలోనే. ఎవరూ మా ఆయన్ని పెళ్లిలో నిలబెట్టి దేవుడనలేదు. ఆయన ఒక్కసారి పెన్ను పట్టుకుంటే మాత్రం "అబ్బ, ఎంత మంచి నాన్న" అన్నారు. ఆయన దానికి ఇబ్బందిగా నవ్వుతారు, అంతవరకు నయం.

డెంగీ నేర్పిన పాఠం

పోయిన వానాకాలం నాకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, చేరిపొమ్మన్నారు. మా ఆయన పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. ఆయనకి అప్పటికే సూది వెయ్యడం వచ్చు. వేలి చివర పొడిచి షుగర్ చూడటమూ వచ్చు. ఇంకేం, రెండో మనిషి ఉన్నట్టే కదా అనుకుంటారు.

పూటపూటకీ ఫోను. "నూట నలభై రెండు ఉంది. ఎంత వెయ్యను?" "ఇడ్లీ ఒకటిన్నర తిన్నాడు, మిగతాది కాకికి పెట్టాడు. ఇప్పుడెంత?" "నిద్రపోయాడు, లేపి చూడాలా?" ఒంట్లో జ్వరం మండిపోతూ, సెలైన్ ఎక్కించుకుంటూ నేను అంకెలు చెప్పాను. ఆ అంకెల మీద నాకే నమ్మకం లేదు.

సూది గుచ్చడం ఈ పనిలో చాలా చిన్న భాగమని అప్పుడు స్పష్టంగా తెలిసింది. పెద్దవాళ్లకైతే ఇంత తింటారని ముందే తెలుస్తుంది. రెండేళ్ల వాడు ఇన్సులిన్ పడ్డాక "వద్దు" అని లేచిపోతే ఎవరేం చేస్తారు? అందుకే మావాడికి, తిండి మీద అనుమానం ఉన్న పూట, తిన్నాక తిన్నదాన్ని బట్టి వెయ్యమని డాక్టరుగారు చెప్పారు. వాడి బరువుకి అర యూనిట్ తేడా కూడా తేడాయే. వీధిలో గెంతుతాడా, జ్వరం తగులుతోందా, నిన్న రాత్రి ఎలా ఉంది, ఇవన్నీ కలిపితే గానీ అంకె తేలదు. మా ఆయనకి చేతులు వచ్చాయి గానీ, బుర్ర నా దగ్గరే ఉండిపోయింది. ఏదైనా ఇంట్లో "నేను కూడా వేస్తానుగా" అనే తండ్రి ఉంటే, ఎంత వెయ్యాలో ఎవరు చెప్తున్నారని ఒక్కసారి అడిగి చూడండి.

జ్వరం తగ్గి ఇంటికొచ్చాక ఆయనకి రెండు ఆదివారాలు పూర్తిగా అప్పజెప్పేశాను. అడిగినా చెప్పలేదు. ప్రమాదం అనిపిస్తేనే నోరు విప్పుతానన్నాను. మొదటి ఆదివారం మధ్యాహ్నం షుగర్ మూడొందలు దాటింది. సాయంత్రానికి ఆయనే సరిచేసుకున్నారు. నా చేతుల్లో కూడా మూడొందలు దాటిన రోజులు కొల్లలు. ఆ సంగతి ఎవరూ లెక్కపెట్టలేదంతే.

సూది లేని ఒడి

ఇక అత్తయ్య. నిజానికి డెంగీకి ముందే ఒకసారి నేర్చుకోమని అడిగాను. ఆవిడ కుదరదన్నారు. భయమేమో అనుకుని ధైర్యం చెప్పబోతే ఆవిడన్న మాట ఇది.

"భయమేటమ్మా, పొలంలో పాముల్నే సూసినాను. ఆడు నీ సేతిలో పెన్ను సూసి పారిపోయి నా ఒళ్లోకొచ్చి దాక్కుంటన్నాడు. నానూ సూదేస్తే ఆడింకెక్కడికి పారిపోతాడు?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వాదనని నేను చదివిన ఏ డాక్టరు పుస్తకంలోనూ చూడలేదు. రెండు మూడేళ్ల వాడికి ఇన్సులిన్ అంటే ఏమిటో చెప్పి ఒప్పించలేం. వాడికి తెలిసిందల్లా ఒకటే, అమ్మ వస్తోంది, నొప్పి పుడుతుంది. ఇంట్లో ఒక్కరి దగ్గరైనా ఆ భయం లేకుండా ఉండనివ్వాలనడం న్యాయమే. నేను ఇంతసేపూ చెబుతున్న 'అందరూ నేర్చుకోవాలి' అన్న మాట పెద్దల వైపు నుంచి బాగానే ఉంది. పిల్లాడి వైపు నుంచి చూస్తే ఇంట్లో ప్రతి చెయ్యీ శత్రువు చెయ్యే అయిపోతుంది.

డెంగీ తర్వాత ఆవిడే వచ్చి "నీకేటైనా అయితే ఈ గుంటడికి దిక్కెవులు? సెప్పు, నేర్సుకుంటాను" అన్నారు. పాత సూదితో వంకాయ మీద సాధన చేశారు. ఆ వంకాయని కూరలో వెయ్యనివ్వలేదు, అది వేరే సంగతి. ఆవిడకి చదువు రాదు. ఫోన్లో అంకెలు మాత్రం గుర్తుపడతారు. అందుకని మీటరుకి ఒక లెక్క పెట్టుకున్నాం. రెండంకెలే కనిపిస్తే వెంటనే నన్నో వాళ్లబ్బాయినో పిలవాలి. అందులోనూ ముందు అంకె ఆరో, అంతకంటే తక్కువో అయితే పిలవకముందే ఒక చెంచా గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. మూడంకెలుంటే షుగర్ పడిపోయిందన్న కంగారు లేదు. డెబ్బైకి తగ్గితే తక్కువ అన్న డాక్టరు మాటే ఇది, ఆవిడకి పనికొచ్చేలా మార్చుకున్నాం. పిల్లాడు స్పృహలో లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యకూడదని, పక్కకి తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలని ఆవిడ నాకే తిరిగి అప్పజెబుతుంటారు.

ఆవిడ చేరాక నాకు తెలియని పనులు కొన్ని ఇంట్లోకొచ్చాయి. వాడని ఇన్సులిన్‌ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఇక్కడి వాళ్లకి ఫ్రిజ్ మీద అంత నమ్మకం ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేకపోవడం అందరికీ గుర్తే. ఒక గాలివాన రాత్రి కరెంటు పోతే నేను ఐసు కోసం ఎవరికి ఫోన్ చెయ్యాలా అని టెన్షన్ పడుతున్నాను. అత్తయ్య ఇసకలో కుండ పాతి, నీళ్లు చల్లి, ఇన్సులిన్‌ని తడి తగలకుండా చిన్న స్టీలు డబ్బాలో పెట్టి అందులో దించారు. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు గానీ, ఉక్కపోత నుంచి కాపాడుతుంది. ఐసు మీద పెట్టి గడ్డకట్టించడం కంటే ఇది వెయ్యిరెట్లు నయం, గడ్డకట్టిన ఇన్సులిన్ పారబొయ్యాల్సిందే.

మరి ఆ ఒడి సంగతి? మొదటి వారం వాడు ఆవిణ్ని కాళ్లతో తన్నాడు. "మామ్మా, కటీఫ్" అన్నాడు. ఆవిడ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత మెల్లిగా ఏ కాలికి వెయ్యాలో వాడే చూపించడం మొదలుపెట్టాడు. అమ్మ ఒక్కతే వేసినంతకాలం అది అమ్మకీ వాడికీ మధ్య గొడవ. మామ్మ, నాన్న కూడా వేసేసరికి తలంటు పోసుకున్నట్టు, ఏడ్చినా తప్పని ఇంటి పని అయిపోయింది. ఇలా అని నేను అనుకుంటున్నాను. వాడికి వయసొచ్చి మారాడేమో కూడా, ఎవరు చెప్పగలరు? అందుకే సగం జవాబే అన్నాను.

మిగతా సగానికి మామయ్య దొరికారు. ఆయన సూది వెయ్యరు, ఎప్పటికీ వెయ్యనక్కర్లేదని అందరం ఒప్పుకున్నాం. ఆయన ఒళ్లో ఉండగా ఎవరూ పెన్ను తియ్యకూడదు. ఇక్కడొక తిరకాసు ఉంది. ఆయనకీ షుగరే, టైప్ 2. మాత్రలు వేసుకుని, సాయంత్రం మా విజయనగరం అయోధ్య మైదానంలో నాలుగు చుట్లు తిరిగి అదుపులో పెట్టుకున్నారు. అందుకని ఈ ఇంట్లో షుగర్ గురించి అందరికంటే తనకే ఎక్కువ తెలుసని ఆయన నమ్మకం. "చోడి అంబలి పట్టండి, సూదులు తగ్గుతాయి" అంటారు. ఆ రాగి అంబలి పట్టి చూశాం. మావాడికి అంకె అన్నం తిన్నట్టే ఎక్కింది. తినకపోతే "ఇవాళ తిన్లేదు కదా, సూది మానెయ్యండి" అంటారు. తినకపోయినా, జ్వరం వచ్చినా రోజంతా పనిచేసే ఇన్సులిన్ మాత్రం ఆపకూడదని ఆయనకి ఎన్నిసార్లు చెప్పామో. మొత్తానికి, ఏమీ తెలియని అత్తయ్యకి నేర్పడం సులువైంది, సగం తెలిసిన మామయ్యకి కష్టమైంది.

లెక్క తప్పితే ఎవరిది?

నా మాటకి ఇంకో గట్టి అభ్యంతరం ఉంది. ఇది మా ఆయన లేవనెత్తినదే. చేతులు పెరిగితే పొరపాట్లు పెరగవా? ఒక్కరే చూసుకుంటే వేశారో లేదో వాళ్లకి తెలుసు. ముగ్గురైతే ఇద్దరు వేసేయవచ్చు, లేదా ముగ్గురూ వెయ్యకపోవచ్చు.

ఊహించిన ప్రమాదమేమీ కాదు. పైడితల్లమ్మ పండగకి, తొలేళ్ల రాత్రి, అంటే సిరిమాను ముందురోజు రాత్రి, ఇంటినిండా చుట్టాలు. రాత్రి ఇన్సులిన్ అత్తయ్య వేసేసి పడుకున్నారు. బి షిఫ్టు ముగించుకుని వచ్చిన మా ఆయన, హడావిడిలో ఎవరూ వేసి ఉండరని పెన్నుకి సూది బిగించారు. మా ఆడపడుచు కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, "అమ్మమ్మ ఇందాకే వేసింది మావయ్యా" అనబట్టి సరిపోయింది. ఆ రాత్రి నేనూ ఆయనా చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

మర్నాటి నుంచి గోడ మీద తెలుగు క్యాలెండరే మా రికార్డు. తిథీ వర్జ్యం పక్కన ఆ పూట ఎవరు వేశారో వాళ్ల గుర్తు ఉంటుంది. మా ఆయనది గీత, అత్తయ్యది బొట్టు, నాది సున్నా. ముందు క్యాలెండరు చూడాలి, తర్వాతే మూత తియ్యాలి. వేసిన వెంటనే గుర్తు పెట్టాలి. ఇలా రాసి ఉంచడం నా ఒక్కదాని చేతుల్లో ఉన్నప్పుడు ఎప్పుడూ జరగలేదు, ఎందుకంటే అంతా నా తలలోనే ఉండేది.

సిరంజిల విషయంలో మాత్రం నేను మొండిదాన్నే. పెన్ను చెడిపోతే సిరంజితో వెయ్యాల్సి రావచ్చు. మన దగ్గర మామూలు ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకి 40 యూనిట్ల బలంతో వస్తాయి, పెన్నులో పెట్టేవి 100తో. 40కి చేసిన సిరంజితో 100 బలం ఉన్నదాన్ని లాగితే అనుకున్నదానికి రెండున్నర రెట్లు పడుతుంది. పసివాడికి అది ప్రాణం మీదకి వచ్చే తేడా. అందుకే ఆ పనికి మా ఆయనా నేనూ తప్ప మూడో చెయ్యి వద్దన్నాను. అత్తయ్య చిన్నబుచ్చుకోలేదు, "అవునవును, అదొద్దు నాకు" అన్నారు. అందరికీ అన్నీ రావాలని నేననడం లేదు.

ఇంతా చేసి పొరపాట్లు తగ్గాయా అంటే, నిజాయితీగా చెప్పలేను. రకం మారింది. ఒక్కరే చూసుకునే ఇంట్లో పొరపాటు జరిగితే పట్టుకునేవాళ్లు ఉండరు. తెల్లవారుజామున మూడింటికి లేచి షుగర్ చూడాల్సిన మనిషి, నిద్రలేక తూలుతున్న మనిషి ఒక్కరే అయితే అది ఇంకో రకం ప్రమాదం. తొలేళ్ల రాత్రి జరగబోయిన దాన్ని ఆపింది కూడా ఇంకో జత కళ్లే కదా.

కుర్చీ దిగడం

ఈ భాగం రాయాలా వద్దా అని కాస్త ఊగిసలాడాను. పని పంచుకోండని అడిగినదాన్ని, తీరా పంచుకున్నాక నాకు కొంత వెలితిగా అనిపించింది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు కూరలో ఉప్పు గురించి కూడా నా మాటకి విలువ లేదు. జబ్బు వచ్చాక బాబు తిండి, నిద్ర, ప్రయాణాలు, చుట్టాలు ఏం తేవాలో ఏం తేకూడదో, అన్నీ నన్ను అడిగే జరిగేవి. "కోడలు ఒప్పుకుంటేనే" అనే మాట మామయ్య నోట మొదటిసారి విన్నది అప్పుడే. ఒక్కదాన్నే మోయడంలో ఎంత బరువుందో అంత అధికారం ఉంది. దేవత అనిపించుకోవడం నాకు బొత్తిగా నచ్చలేదని అంటే అబద్ధం. ఇప్పుడు అత్తయ్య "అరటిపండు సగమే పెట్టు, పొద్దున అంకె ఎక్కువుండాది" అని నాకే చెప్తుంటే, చెప్పింది సరైనదే అయినా, చురుక్కుమంటుంది.

చాలామంది తల్లులు "వాళ్లకి రాదండీ, నేనే చూసుకుంటాను" అనడం వెనక ఇది కూడా కొంచెం ఉంటుందని నా అనుమానం. వాళ్లని తప్పుపట్టను. ఇంట్లో వేరే ఏ అధికారమూ లేని మనిషిని, ఉన్న ఒక్కదాన్నీ వదులుకోమనడం అంత సులువు కాదు. ఎవరైనా తల్లికి సాయం చేద్దామనుకుంటే, పెన్ను తీసుకోవడంతో పాటు మిగతా విషయాల్లో ఆమె మాటకి విలువ ఇవ్వడం కూడా మొదలుపెట్టాలి. లేకపోతే ఆమె పెన్ను వదలదు. నేనైతే వదిలేదాన్ని కాదు.

ఎవరూ లేని ఇళ్లు

ఇంతవరకూ చెప్పిందంతా అత్తా మామా ఉన్న ఇంటి కథ. భర్త సాయంత్రానికో రాత్రికో ఇల్లు చేరే ఇంటి కథ. మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల సంగతి తెలిసినవాళ్లకి ఇది ఎంత అదృష్టమో వేరే చెప్పక్కర్లేదు. మగవాళ్లు చెన్నైకో హైదరాబాదుకో పనికి పోతారు. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లూ ఆడవాళ్లూ.

విశాఖపట్నం క్లినిక్‌లో నాకు పరిచయమైన ఒకామె పలాస వైపు నుంచి తెల్లవారుజాము రైలుకి వస్తుంది. ఆమె పాపకి నాలుగేళ్లు. భర్త వేరే రాష్ట్రంలో కట్టుబడి పనిలో ఉంటాడు. ఆమెకి గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలన్నారట. వాయిదా వేస్తూ వస్తోంది, తను మంచాన పడితే పాపకి సూది ఎవరేస్తారని. ఊళ్లో అందరూ ఆమెని మహాతల్లి అంటారని నవ్వుతూనే చెప్పింది. పక్కింటి డిగ్రీ చదివే అమ్మాయికి నేర్పమన్నాను. "ఆల్ల అమ్మ ఒప్పుకోలేదు. పొరపాటైతే మాట మా మీదకొస్తాదని" అంది. ఆ పక్కింటామెని నేను గట్టిగా అనలేకపోయాను. పరాయి బిడ్డకి సూది వెయ్యడం చిన్న మాట కాదు. ఇటువంటి చోట ఇల్లు కాక ఇంకెవరో ముందుకు రావాలి. మూడేళ్లు నిండిన పిల్లలు అంగన్‌వాడీకి వెళ్తారు, ఊరికి ఆశా కార్యకర్త ఉంటుంది, ఏఎన్ఎం నర్సమ్మ ఉంటుంది. పాప ఉన్న ఆ ఒక్క ఊళ్లో వాళ్లలో ఒక్కరికి నేర్పినా ఆమె ఆపరేషన్ చేయించుకోగలదు. దీనికి పెద్ద పథకమేమీ అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం చాలు.

బడుల విషయంలో కొంత కదలిక వచ్చింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ టైప్ 1 ఉన్న పిల్లల గురించి రాష్ట్రాలకి రాసింది. అదే ఏడాది ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, పిల్లలు క్లాసులో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో ఏదైనా తినడానికి వీలివ్వాలని ఆదేశాలిచ్చింది. మంచిదే. కానీ తనంతట తను వేసుకోగలిగిన పిల్లలకి అనుమతి ఇస్తే సరిపోతుంది. మూడేళ్ల వాడికి అనుమతితో పనేముంది, వాడికి మనిషి కావాలి.

మావాణ్ని జూన్ నుంచి ఇక్కడే ఒక ప్లే స్కూల్లో వేద్దామని అడగడానికి వెళ్లాం. అంతా విని ప్రిన్సిపల్ మేడమ్ ఎంతో ఆప్యాయంగా, "మీలాంటి తల్లి ఉంటే మాకేం భయమండీ, పదకొండింటికి మీరే వచ్చి చూసుకుని వెళ్లండి" అన్నారు. మా ఆయన వెంటనే, "తను రాదండీ, మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది. మీలో ఎవరికి నేర్పమంటారు?" అన్నారు. నేను ఉద్యోగం సంగతి అప్పటికి ఎక్కడా అడగనేలేదు. ఆవిడ కాసేపు పెన్ను టేబుల్ మీద తట్టుకుంటూ కూర్చుని, ఆయాని పిలిచారు. ఆయా మీటరు చేతిలోకి తీసుకుని, ఎంతకి తగ్గితే గ్లూకోజు ఇవ్వాలని అడిగింది. బడి తెరిచేలోగా వచ్చి నేర్పుతామని చెప్పాం. సూది వేసే సంగతి మేనేజ్‌మెంటుతో మాట్లాడి చెప్తామన్నారు, ఇంకా చెప్పలేదు. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు.